మన్రోలప్ప: దత్తమండలాలలో ఒక వ్యక్తినామం పుట్టుక, వ్యాప్తి

తెలుగునాట నామవిజ్ఞానం ప్రధానంగా ఊళ్ల పేర్ల చుట్టూ పెరిగింది. యార్లగడ్డ బాలగంగాధరరావు కృషి, కడప జిల్లా ఊళ్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన ఈ రంగానికి గట్టి పునాది వేశాయి. ఇంటిపేర్లపైనా కొంత పని జరిగింది. వ్యక్తినామాలకు మాత్రం ఆ స్థాయి శ్రద్ధ దక్కలేదు. ఊరి పేరు శాసనంలో నిలుస్తుంది. మనిషి పేరు మనిషితో పోతుంది. అయితే ఒక్కొక్కప్పుడు ఒక అరుదైన పేరు, అది పుట్టిన కాలపు చరిత్రను ఏ దస్తావేజూ చెప్పని రీతిలో చెప్పగలదు. అనంతపురం, బళ్లారి, కడప, కర్నూలు ప్రాంతాలలో 19వ శతాబ్దిలో రైతు కుటుంబాలు తమ మగపిల్లలకు పెట్టుకొన్న ‘మన్రోలప్ప’ అనే పేరు అటువంటిది. దీనికి ‘మన్రోలయ్య’ అనే రూపాంతరం, ‘మన్రోలమ్మ’ అనే స్త్రీరూపం కూడా ఉన్నాయి.

ఈ పేరుకు మూలపురుషుడు సర్ థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో పుట్టి, 1780లో సామాన్య సైనిక శిక్షణార్థిగా మద్రాసులో దిగినవాడు. బారామహల్‌లో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ వద్ద శిస్తు వ్యవహారాలు నేర్చుకొని, కొంతకాలం కెనరాలో పనిచేసి, 1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. అనంతపురాన్ని ముఖ్యస్థానంగా చేసుకొని 1807 దాకా ఈ సీమలో ఉన్నాడు. 1820లో మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండ మజిలీలో కలరాతో మరణించాడు. మృతదేహాన్ని గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఈ జీవితరేఖ తెలిసినదే. ఒక స్కాట్లండు ఇంటిపేరు రాయలసీమ రైతు ఇంట ఉయ్యాలలోకి ఎట్లా వచ్చింది, సరిగ్గా ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నవి మాత్రం విడిగా పరిశీలించవలసిన ప్రశ్నలు.

పేరు నిర్మాణం

మొదట గమనించవలసింది, ఇది ఇంటిపేరు నుంచి పుట్టిన వ్యక్తినామం. ఆ దొర అసలు పేరు థామస్. దానికి తెలుగు ప్రత్యయం చేర్చి ఎవరూ పిల్లలకు పెట్టుకోలేదు. కచేరీలోనూ ఊరి చావడిలోనూ వినిపించిన పేరు మన్రో ఒక్కటే. ఇంటిపేరుకూ సొంత పేరుకూ మధ్య ఇంగ్లీషువారు పాటించే భేదం రైతు దృష్టిలో లేదు. పేరులోని తొలి అచ్చు మరింత విలువైన సాక్ష్యం. ఇంగ్లీషు అక్షరక్రమాన్ని చూసి పలికితే ‘మున్రో’ కావాలి. తెలుగులో స్థిరపడినది ‘మన్రో’. అంటే ఈ పేరు కాగితం మీద నుంచి కాక నోటి నుంచి చెవికి చేరింది. తమిళులు దీన్నే బండి ఱకారంతో రాసి డకారధ్వనితో పలుకుతారు. నకార రేఫల సంయోగం ద్రావిడ నాలుకకు అంత సులువైనది కాదు.

ఇక ‘లప్ప’ అన్న భాగం. ‘అప్ప’ విషయంలో చిక్కు లేదు. అనంతపురం పీఠభూమి పడమటి అంచు అంతటా కన్నడంతో కలిసిపోయిన నేల. మడకశిర, రాయదుర్గం, కళ్యాణదుర్గం ప్రాంతాలలో అప్ప అంటే తండ్రి; పురుషనామాలకు చివర చేరే గౌరవ ప్రత్యయం కూడా. ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క కావడం వేరే సంగతి. తిమ్మప్ప, హనుమంతప్ప, సంజీవప్ప, కొండప్ప వంటివి ఇక్కడ ఊరూరా వినిపించే పేర్లు. అయితే మన్రోకూ అప్పకూ నడుమ ఉన్న లకారం ఎక్కడిది? ఓకారం తరువాత అకారం వచ్చినప్పుడు తెలుగులో సహజంగా వచ్చేది యడాగమం. కన్నడ ప్రభావం ఉంటే వకారం. లకారం ఆగమంగా వచ్చే అవకాశం లేదు. కనుక దీనికి వేరే దారి వెదకాలి.

ఒక దారి గౌరవ బహువచనం. దొరలు, పంతులు, రాయలు అన్నట్లే ‘మన్రోలు’ అని ఉండి, సమాసంలో ‘మన్రోల’ అయి, అప్పతో కలిసి మన్రోలప్ప అయి ఉండవచ్చు. రాయలు నుంచి రాయలప్ప ఏర్పడిన తీరు ఇదే. రెండో దారి సామ్యం. ఈ ప్రాంతంలో ముత్యాలప్ప, ఓబులప్ప, నాగులప్ప వంటి పేర్లు విస్తారం. ముత్యాలు అనే బహువచనం నుంచి వచ్చినా, అహోబిలంలోని లకారం వల్ల వచ్చినా, వినేవారి చెవికి ‘లప్ప’ అనేది పేరుకు తగిన ముగింపుగా స్థిరపడింది. కొత్త పేరు పాత అచ్చులో పడింది. ఈ రెండు దారులూ పరస్పర విరుద్ధాలు కావు. గౌరవ బహువచనం ద్వారం తెరిస్తే, ముత్యాలప్ప, ఓబులప్పలు లోపలికి దారి చూపాయనడం సమంజసం. ముత్యాలమ్మ ఉన్నచోట మన్రోలమ్మ పుట్టడానికీ ఇదే కారణం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన్రోను ప్రజలు తండ్రిగా భావించారనడానికి ‘అప్ప’ ప్రత్యయాన్ని రుజువుగా చూపడం కద్దు. వలస ప్రభుత్వపు రచనలలో ‘ప్రజల తండ్రి’ అన్న మాట ఇష్టంగా వాడబడింది. కాని తిమ్మప్ప అన్న పేరులో ఎంత పితృభావం ఉందో మన్రోలప్పలోనూ అంతే ఉంది. ప్రత్యయం పేరును పేరుగా నిలబెడుతుంది, భక్తిని కొలవదు. కొలవదగినది మూలధాతువు ఎంపిక. ఎన్నో పేర్లు అందుబాటులో ఉండగా ఒక పరదేశి పేరును ఎంచుకోవడంలో ఉన్న ఉద్దేశమే చరిత్రకారునికి కావలసింది.

కాలనిర్ణయం

సాధారణంగా ఈ పేరును మన్రో కలెక్టరుగా ఉన్న 1800-1807 కాలానికి ముడిపెట్టడం పరిపాటి. పాళెగాండ్రను అణచి, శాంతిని నెలకొల్పి, రైతువారీ పద్ధతి ప్రవేశపెట్టాడు కనుక కృతజ్ఞతతో పిల్లలకు ఆయన పేరు పెట్టుకొన్నారన్నది ఆ వాదం. శిస్తు చరిత్రతో పోల్చి చూస్తే ఇది పూర్తిగా నిలవదు.

మన్రో కలెక్టరుగా ఉన్న ఏడేళ్లలో దత్తమండలాల శిస్తు రాబడి సుమారు సగం మేర పెరిగింది. రమేశచంద్ర దత్తు 1902లో ప్రచురించిన ఆర్థిక చరిత్రలో ఈ పెరుగుదలను ప్రత్యేకంగా ఎత్తిచూపాడు. పాళెగాండ్ర దోపిడీ ఆగి సేద్యం విస్తరించడం ఇందుకు ఒక కారణం కావచ్చు. కాని ఇదే కాలంలో 1803-04 కరువు వచ్చింది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరం లేని అనంతపురం మెట్టలో, 33 అడుగుల గొలుసు పట్టి చేను చేనూ కొలిచి పన్ను కట్టడాన్ని ఏ రైతూ తొలినాళ్లలో మేలుగా భావించి ఉండడు. ఆ గొలుసులు నలభై చదరాలైతే ఒక ఎకరా. తన చేను ఎంత ఉందో తనకు తెలిసినంత స్పష్టంగా సర్కారుకూ తెలియడం అదే మొదలు.

ఆ రేట్లు ఎక్కువన్న సంగతి మన్రోకే తెలుసు. 1807లో ఇంగ్లండుకు వెళ్లేముందు మెట్టకూ మాగాణికీ శిస్తు 25 శాతం తగ్గించాలని, బావుల కింద తోటభూములకు ఇంకా కొంత కలిపి మొత్తం 33 శాతం తగ్గించాలని సిఫారసు చేశాడు. ప్రభుత్వం అప్పట్లో దాన్ని అంగీకరించలేదు. అంగీకరించకపోగా రైతువారీనే తీసివేసి, ఊళ్లను గుత్తకిచ్చింది. మొదట మూడేళ్ల గుత్తలు, తరువాత పదేళ్ల గుత్తలు. ఊరి రెడ్డో కరణమో బయటి షావుకారో ఊరంతటి శిస్తుకు జవాబుదారీ అయ్యాడు. మన్రో కట్టిన ఎత్తైన రేట్లే ఆ గుత్తలకు ప్రాతిపదిక. పంట పండని ఏడు గుత్తదారుడు రైతును పీల్చాడు. రైతు పారిపోతే గుత్తదారుడే దివాలా తీశాడు. ఊళ్లు పాడుబడ్డాయి.

1820లో మన్రో గవర్నరుగా తిరిగి వచ్చాడు. రైతువారీ పునరుద్ధరణ జరిగింది. 1807లో కాగితం మీదే ఆగిపోయిన ఆ 25, 33 శాతం తగ్గింపులు అప్పుడు అమలయ్యాయి. బీడుపెట్టిన భూమిని వదులుకొనే స్వేచ్ఛ రైతుకు దక్కింది. అనంతపురం మెట్టరైతుకు ఇది చిన్న విషయం కాదు. వాన రాని ఏడు వేయని పైరుకు పన్ను కట్టనక్కరలేకపోవడం అతనికి సగం వాన కురిసినంత పని.

ఈ క్రమాన్ని బట్టి చూస్తే మన్రో పేరు పిల్లలకు పెట్టుకొనే వాడుక 1820 తరువాతనే ఊపందుకొని ఉండాలని తోస్తుంది. వెళ్లిపోయినవాడు, వెళ్లిన తరువాత పదమూడేళ్ల గుత్తల కష్టంతో పోల్చబడి మంచివాడైనవాడు, పెద్ద పదవిలో తిరిగి వచ్చి పాతమాట నిలబెట్టుకొన్నవాడు. ఇది జానపద కథకు సరిపోయే నిర్మాణం. ఆపై 1827లో, స్వదేశానికి ప్రయాణమయ్యే తరుణంలో ఈ సీమను చివరిసారి చూసిపోవాలని వచ్చి ఇక్కడే ప్రాణం విడవడం ఆ కథను పూర్తి చేసింది. పత్తికొండలో ఆయన స్మృత్యర్థం రాతిమెట్ల బావి, చెట్లతోపు ఏర్పడ్డాయి. గుత్తిలో సత్రం వెలసింది. మద్రాసులో 1839లో నెలకొల్పిన చాంట్రీ శిల్పం, జీనూ రికాబులూ లేని ఆ గుర్రపు విగ్రహం, నగరవాసుల చందాలతో వచ్చిన జ్ఞాపకం. బావీ సత్రమూ బాటసారికి చేరిన జ్ఞాపకం. పేరు మాత్రం రైతు తన ఇంట్లో తానే నిలుపుకొన్నది.

మన్రో కింద పనిచేసినవారిలో విలియం థాకరే వంటి సమర్థులు ఉన్నారు. రోజువారీ వ్యవహారాలలో ప్రజలు మన్రో కంటే వారినే ఎక్కువగా చూసి ఉంటారు. వారి పేర్లేవీ వ్యక్తినామాలు కాలేదు. పరిపాలనలో పరిచయం ఒక్కటే పేరుకు చాలదనడానికి ఇది నిదర్శనం.

మొక్కుబడి పేర్ల వరసలో

దత్తమండలాలలో నామకరణ సంప్రదాయం తెలిసినవారికి మన్రోలప్ప అంత వింతగా తోచదు. ఈ సీమలో బిడ్డ పేరు చాలావరకు దగ్గరలోని క్షేత్రం నుంచి వస్తుంది. కదిరి నరసింహుడు కదిరప్ప అవుతాడు. ఉరవకొండ దగ్గరి పెన్నహోబిలం స్వామి పెన్నోబిలేసు అవుతాడు. కసాపురం నెట్టికంటి ఆంజనేయుని పేరున నెట్టికంటయ్యలు ఉన్నారు. అంతకంటె ముఖ్యంగా, ఈ సంప్రదాయం మతభేదాన్ని లెక్కచేయదు. గూగూడు మొహర్రంలో పీరుగా కొలువుతీరే కుళ్లాయిస్వామి పేరున హిందూ కుటుంబాలలో కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు వందలుగా ఉన్నారు. కుళ్లాయి అంటే టోపీ. పెనుకొండ బాబయ్య దర్గా నుంచి బాబయ్య, గుంతకల్లు మస్తాన్‌వలి నుంచి మస్తానయ్య, మస్తానప్ప ఇట్లా వచ్చినవే. టోపీ పెట్టుకొన్న పీరు పేరు బిడ్డకు పెట్టగలిగిన సమాజానికి టోపీ పెట్టుకొన్న దొర పేరు పెట్టడం అడ్డు కాలేదు.

అయితే పీరుకూ దొరకూ తేడా ఉంది. దొరను ముందు పుణ్యపురుషుణ్ణి చేయాలి. ఆ పని కథలు చేశాయి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠపు ఇనాము విచారణకు వచ్చిన మన్రో, పాదరక్షలూ టోపీ తీసి బృందావనం ముందు నిలబడగా, 1671లో సజీవ సమాధి పొందిన స్వామి అతనితో మాట్లాడి మంత్రాక్షతలు ఇచ్చాడన్నది ఒక కథ. కడప జిల్లా గండిలో, పాపాఘ్ని నది కొండను చీల్చుకొని పారే చోట, రామునికి స్వాగతంగా వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం మన్రో కంట పడిందని, అది చూసినవాడు ఎక్కువ కాలం బతకడు కనుక ఆయన త్వరలోనే మరణించాడని ఇంకొక కథ. మొదటి కథలో ఇనాము పరిశీలన ఉంది. అంటే ఆనాటి దేవస్థానాలను, మఠాలను కలవరపెట్టిన అసలు సమస్య ఉంది. అధికారి ఇనామును రద్దుచేయకుండా నిలిపిన సందర్భాన్ని కథ దైవానికి అప్పగించింది. రెండవ కథ అకాలమరణానికి పుణ్యాన్ని కారణంగా చూపింది. రెండింటిలోనూ దొర మార్చేవాడు కాడు, మారేవాడు. ఈ సీమ దేవతలే అతన్ని తమవాణ్ణి చేసుకొన్నారు.

మూడవది అవతార కథ. మన్రోను ‘మండవ ఋషి’గా భావించిన వాడుక నమోదై ఉంది. మన్రో, మండవ శబ్దాల సామీప్యం ఇందుకు తొలి ప్రేరణ అనుకోవచ్చు. నకార రేఫల మధ్య డకారం చొరబడితే మన్రో మండ్రో కావడం ఎంత సులువో పైన తమిళ ఉచ్చారణలో కనిపించింది. రాయచోటి ప్రాంతంలో మాండవ్య నది, దాని తీరాన మాండవ్యముని తపస్సు చేశాడన్న ఐతిహ్యం ఉండనే ఉన్నాయి. భారతంలోని మాండవ్యుడు చేయని నేరానికి శూలమెక్కినవాడు. తెలియని వయసులో చేసిన తప్పుకు అంత శిక్ష వేసినందుకు యమధర్మరాజునే శపించి, శిక్షకు హద్దు విధించినవాడు. శిస్తుకు హద్దు విధించిన దొరకు ఈ ముని పేరు తగలడం కేవలం ధ్వనిసామ్యం వల్లనే అనుకోవడం కష్టం. తిరిపెమెత్తుకొనేవారు మన్రోను పొగడుతూ పదాలు పాడేవారని కడప ప్రాంతపు గెజిటీరు నమోదు చేసింది. ఆ నోళ్లలోనే ఈ కథలూ పేరూ కలిసి ఊరూరా తిరిగి ఉండాలి.

ఎవరి జ్ఞాపకం?

పేరును గెజిటీర్లలోకి ఎక్కించినవారు వలస ప్రభుత్వాధికారులు. తమ పూర్వాధికారి పేరు రైతుల పిల్లలకు ఉండటం వారికి గర్వకారణం. ధాత కరువుగా పేరుపడిన 1876-78 క్షామంలో ఈ జిల్లాలలో జనం లక్షలుగా చనిపోయిన తరువాతి తరం అధికారులకు ఒక మంచి దొర స్మృతి ఎంతో అవసరం కూడా. కనుక వారు ఈ పేరుకు ఇచ్చిన ప్రాముఖ్యాన్ని యథాతథంగా స్వీకరించరాదు. అట్లాగని పేరు వారి కల్పన కాదు. అధికారి గ్రంథం రాయగలడు. రైతు ఇంట బారసాల నాడు బిడ్డ చెవిలో పేరు చెప్పలేడు.

ఇదే సీమలో వేరే జ్ఞాపకాలూ ఉన్నాయి. మన్రో దాదాపు ఎనభైమంది పాళెగాండ్ర అధికారాన్ని తీసివేశాడు. కొందరికి భరణాలు మిగిలాయి. అటువంటి కుటుంబంలో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కాడు. అతని మీద పాటలు పుట్టాయి. పాట ఒక పక్షానికి, పేరు ఇంకొక పక్షానికి దక్కిందని చెప్పడం సులువే గాని, అవి రెండూ ఒకే ఊళ్లో ఒకే నోట పలికి ఉండటానికి అవకాశం లేకపోలేదు. నరసింహారెడ్డి పాటను విన్న రైతు ఇంట మన్రోలప్ప ఉండటంలో వైరుధ్యం చరిత్రగ్రంథాలకే కనిపిస్తుంది. పట్టా ఉన్న రైతుకు దక్కిన తగ్గింపు, ఆ పొలంలోనే కూలికి వంగిన మాలమాదిగలకు ఏ మేరకు చేరిందన్నది మాత్రం ఈ పేరు వెనుక తప్పక అడగవలసిన ప్రశ్న. రైతువారీ పేరులోనే దాని పరిమితి ఉంది.

దొరల పేర్లు ప్రజల పేర్లు కావడం మరికొన్నిచోట్లా జరిగింది. తమిళనాడు తేని ప్రాంతంలో, 1895లో ముల్లపెరియార్ ఆనకట్ట పూర్తిచేసిన ఇంజనీరు పెన్నీక్విక్ పేరు పిల్లలకు పెట్టుకొనే ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. గోదావరి డెల్టాలో కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు లేచాయి. వారిద్దరూ నీళ్లు తెచ్చినవారు. మన్రో తకావి అప్పులు ఇప్పించి చెరువుల మరమ్మతులకు తోడ్పడ్డాడే గాని, పెన్నలోనో వేదవతిలోనో కొత్తగా నీళ్లు మళ్లించినవాడు కాడు. అతను తగ్గించినది పన్ను. కరువు పీఠభూమిలో తగ్గింపుకూ ఆయకట్టుకూ సమానమైన పేరు రావడం ఆ నేల ఆర్థిక స్థితిని చెబుతుంది.

నిలకడ, క్షీణత

మన్రో మరణించిన తరువాత పేరు ఎట్లా నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం బంధుత్వంలో ఉంది. రాయలసీమలో అబ్బ పేరు మనుమడికి పెట్టడం ఆచారం. 1820లలో పుట్టిన మన్రోలప్ప పేరు 1870లలో మనుమడికి, 1920లలో ఆ మనుమడి మనుమడికి చేరుతుంది. ఈ రెండో మెట్టు దగ్గర పేరు అర్థం మారుతుంది. మొదటి మన్రోలప్ప దొర పేరు మోస్తున్నాడు. రెండవవాడు తన అబ్బ పేరు మోస్తున్నాడు. అతనికి మన్రో ఎవరో తెలియవలసిన పని లేదు. మామ పేరు కోడలు నోట పలకరాదన్న కట్టుబాటు వల్ల ఇంట్లో ఆ బిడ్డను ‘అబ్బోడా’ అనే పిలిచి ఉంటారు. కృతజ్ఞత ఒక తరానిది, కొనసాగింపు వంశానిది. పేరు వాడుకలో ఉండటాన్ని బట్టి 20వ శతాబ్ది ఆరంభంలోనూ మన్రో భక్తి తాజాగా ఉందని గెజిటీర్లు భావించడంలో ఈ భేదం మరుగున పడింది.

క్షీణతకు వేరే కారణాలు వెదకనక్కరలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచనతో దత్తమండలాలు రాయలసీమ అయ్యాయి. దత్తమన్న మాటే అవమానమని తోచిన కాలం అది. బడిరిజిస్టరు వచ్చాక అప్ప, అన్న, అయ్యలతో ముగిసే పేర్లన్నీ మోటుగా కనిపించసాగాయి. మన్రోలప్పతో పాటు ఎందరో ఓబులప్పలు, ముత్యాలప్పలు కూడా తమ మనుమలకు తమ పేర్లు ఇవ్వలేకపోయారు. క్షేత్రం బలం ఉన్న కుళ్లాయప్ప మాత్రం నిలిచాడు. ఏటా గూగూడులో పీరు లేచినప్పుడల్లా ఆ పేరు కొత్తగా పుడుతుంది. మన్రోకు ఏటేటా లేచే పీరు లేదు.

కాలనిర్ణయం గురించి పైన చేసిన ఊహను పరీక్షించడానికి ఒక మార్గం ఉంది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో అనుభవదారు పేరుతో పాటు వయసు కూడా రాశారు. అనంతపురం, గుత్తి, తాడిపత్రి, పెనుకొండ తాలూకాల రిజిస్టర్లలో కనిపించే మన్రోలప్పల వయసు 1860 ప్రాంతాన యాభై దాటి ఉంటే పేరు కలెక్టరు కాలానిది. నలభైలోపు ఉంటే గవర్నరు కాలానిది, అంటే శిస్తు తగ్గిన తరువాతిది. ఇనాముదారులలో బోయలు, తలారులు, నీరుగంట్లు, గ్రామసేవకులు కూడా ఉన్నందున, పేరు పట్టాదారు కులాలు దాటి ఎంత దూరం వెళ్లిందో ఆ రిజిస్టర్లలోనే తేలుతుంది.